కారు కుదుపును గుఱించి



ఈ మాసమున ఊరగాయలను గుఱించి వ్రాయుదునని క్రిందటి సంచికలో మాట యిచ్చితిని. ఆ మాట నిలుపుకొనలేకపోయితిని, మన్నింపుడు. కార్తికమాసమునుండి మా యింట జరిగిన చర్చ యంతయు ఒక కారు స్ప్రింగులను గుఱించియే. అది మగవారి ముచ్చటయని మొదట నేనును ఊరకుంటిని. ఊరకుండుటవలన నేమి వచ్చినదో చెప్పుటకే ఈ వ్రాత.

మా మరిది ఎనిమిదేండ్లు దుబాయిలో ఒక ధనికుని యింట డ్రైవరుగా నుండెను. మా బుగ్గారమనియేమి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ యూరనియేమి, గల్ఫుదేశమునకు పోయిన మగవాడు లేని వాడకట్టు అరుదు. అక్కడ అతడు నడిపినవి నేల నానుకొని పోవు పరుగుబండ్లు. నడిపిన దారులు అద్దములవంటివి. బండి యొకరిది, చాకిరి యొకరిది. “ఎన్నడన్న ఒక్కనాడు నాదనేటి బండి నడుపాలె వదినె” అని ఫోనులో నాతో ననెడివాడు. తిరిగివచ్చి, జగిత్యాలలో సెల్‌ఫోనుల దుకాణము పెట్టుకొన్న రెండవయేట, ఒకరు వాడిన 2014 నాటి పోలో జీటీ కారును కొనెను. పూనా చెంత చాకనులో తయారైన బండి, 1.2 లీటరుల చిన్న యింజనే యైనను టర్బో యుండుటచే 105 గుఱ్ఱముల బలము. 2022లో మన దేశమున దాని తయారీ నిలిచిపోయినది గాన, ఇష్టపడువారి చేతిలో అది యిప్పుడొక అపురూపవస్తువు. దీనిని నిజమైన పరుగుబండి యనరాదని తెలిసినవారందురు. మా మరిదికి మాత్రము అదే పుష్పకము.

దినదినము ప్రొద్దున జగిత్యాలకు, రాత్రి యింటికి. శనివారము కొండగట్టు అంజన్న దర్శనమునకు. నెలకొకసారి మా అత్తగారితో కరీంనగరమునకు, వైద్యునివద్దకు. ఈ మూడు పనులకును ఒకటే బండి యని గుర్తుంచుకొనవలెను.

కొన్న కొన్ని మాసములకు అతడు దానిని పట్టణములోని ఒక షెడ్డునకు తీసికొనిపోయి, నాలుగు స్ప్రింగులను తీయించి, బండి 40 మిల్లీమీటరులు క్రిందికి దిగునట్లు పొట్టివియు బిఱుసైనవియు నగు స్ప్రింగులను వేయించెను. బండితో వచ్చిన 15 అంగుళముల చక్రములకు బదులు 17 అంగుళములవి పెట్టించెను. షాకప్పులు మాత్రము పాతవే. అప్పటికి 80,000 కిలోమీటరులకు పైగా నడచినవి. “అవి మంచిగనే ఉన్నయి” అని షెడ్డువాడనెనట. బండి మా ముంగిట నిలిచినపుడు దూకబోవు పులివలె నుండెను. వాడకట్టు పిల్లలందఱు చేరి ఫొటోలు దిగిరి. నేనును మెచ్చితిని, అబద్ధమాడనేల?

మా దారులు మీ రెఱుగనివి కావు. ఊరు వచ్చినదనగా స్పీడుబ్రేకరు వచ్చినదన్నమాటయే. వీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు ఒక కొలత పెట్టియున్నారు: 3.7 మీటరుల వెడల్పు, 10 సెంటీమీటరుల యెత్తు, గంటకు 25 కిలోమీటరుల వేగముతో దాటుటకు తగిన గుండ్రని వీపు. ఊరివారు తమ పిల్లల ప్రాణములకై తామే పోసికొనునవి ఈ కొలత నెఱుగవు, అవి గట్లు. వారిని తప్పుపట్టలేము. ఇక వరికోతల దినములలో సగము రోడ్డు వడ్లకును, వడ్ల యంచున పేర్చిన రాళ్లకును పోవును. మిగిలిన సగములో గుంతను తప్పించుకొనుటకు చోటుండదు.

అట్టి దినములలో, బండికి క్రొత్త స్ప్రింగులు పడిన పదిదినములకు, కరీంనగరమునుండి వచ్చుచుండగా మునిమాపు మసకలో ఒక స్పీడుబ్రేకరు కనబడలేదు. ముందుసీటున మావారు, వెనుక మా అత్తగారును నేనును. వేగము మిక్కిలి యెక్కువ కాదు. కాని క్రిందినుండి రోకటిపోటువంటి దెబ్బ తగిలినది. ఆమె సీటునుండి లేచి, మఱల కూలబడి, నడుము పట్టుకొనెను. మఱునాడు మంచము దిగలేకపోయెను. ఎక్స్‌రే తీసిన వైద్యులు నడుము వెన్నుపూస యొకటి ముందువైపున నలిగి కుదించుకొనిపోయినదనిరి. ఆమెకు అఱువదియాఱేండ్లు. ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలలో బలము త్వరగా తఱుగుననియు, అట్టివారికి కూర్చున్నచోటనే క్రిందినుండి వచ్చు ఒక్క కుదుపు చాలుననియు, బస్సుల వెనుకసీట్లలో స్పీడుబ్రేకరులమీద ఇట్లే వెన్నుపూసలు నలిగినవారిని పలుమాఱు చూచుచుందుమనియు చెప్పిరి. మూడు మాసములు నడుమునకు బెల్టు, విశ్రాంతి, ఎముకలకు మందులు. మా మరిది రెండుదినములు అన్నము ముట్టలేదు.

అతనిని నేను నిందింపలేదు. ఆ పదిదినములును అప్పుడప్పుడు వెనుకసీటున కూర్చున్నదానను నేను. పండ్లు టకటక కొట్టుకొనుచున్నను, క్రొత్త మోజు గదా యని మిన్నకుంటిని. చక్రము చేతబట్టినవానికి అంతగా తెలియని కుదుపు వెనుక కూర్చున్నవారికి తెలియును. మన మర్యాదనుబట్టి ముందుసీటు మగవారిది, వెనుకది మనది. చిన్నకారులలో వెనుకసీటు వెనుకయిరుసునకు మిక్కిలి చేరువ. కుదుపు అక్కడనే హెచ్చు. ముందువెనుక చక్రములకు నడుమనున్న చోట తక్కువ. ఆనాటినుండి మా యింట ముందుసీటు అత్తగారిది. పైసా ఖర్చు లేని మార్పు; మీ యిండ్లలో దీనిని ముందు చేసికొనుడు. ఇరుసుశీల జారినపుడు కైక తన వ్రేలు పెట్టి దశరథుని రథమును నిలిపినదని పెద్దలు చెప్పు కథ మీరందఱు విన్నదే. వరములు వచ్చినవని అందఱు చెప్పుదురు. ఆ వ్రేలేమైనదని యెవరును అడుగరు.

మావారు బడిలో భౌతికశాస్త్రము చెప్పువారు. వసారాలో ఒక పాత స్ప్రింగునకు ఇటుక కట్టి వ్రేలాడదీసి, తమ్మునికిని నాకును కలిపి పాఠము చెప్పిరి. చిన్ననాట మా నాయనగారివద్ద భారతము చదువుకొన్న నాకు అర్థమైనంత వ్రాయుచున్నాను.

కారు బరువును మోయునది స్ప్రింగు. చక్రము గుంతలో పడినను, మిట్టమీద లేచినను, ఆ దెబ్బను అది తనలో దాచుకొనును. దాచుకొన్నదానిని తిరిగి యిచ్చుట దాని స్వభావము గాన, స్ప్రింగొక్కటే యున్న బండి తొట్టెలవలె ఊగుచునే యుండును. ఆ యూపును చంపునది షాకప్పు. నూనెతో నిండిన గొట్టము, దానిలో సన్నని రంధ్రములు గల పిస్టను: ఇంతే. మురుకుల గొట్టము మనకందఱకు చేతికి తెలిసినది. మెల్లగా నొత్తినచో పిండి సులువుగా దిగును. ఆత్రపడి నొత్తినచో చేతులు నొప్పిపెట్టును. షాకప్పు పనియు నిదియే. నెమ్మదియైన కదలికకు తక్కువగాను, వేగమైనదానికి ఎక్కువగాను అడ్డుపడి, ఊపులోని బలమును వేడిగా మార్చి గాలిలో కలుపును. గతుకులదారిని చాలదూరము నడచివచ్చిన బండి షాకప్పు వెచ్చగా నుండుట అందువలననే.

కావున స్ప్రింగునకును షాకప్పునకును ఈడుజోడు కుదురవలెను. బిఱుసు స్ప్రింగు మఱింత బలముతో ఎదురుతన్నును. దానిని పట్టుటకు అంత గట్టి షాకప్పు కావలెను. మా మరిది చేసినదేమనగా, కోడెను తెచ్చి ముసలి పాలేరు చేతికి పగ్గమిచ్చుట.

పొట్టిస్ప్రింగుతో మఱియొక చిక్కు. చక్రము పైకి లేచుటకు కొంత చోటుండవలెను. ఆ చోటు ముగిసినపుడు ఒక రబ్బరుముక్క అడ్డుపడును; అటుపిమ్మట స్ప్రింగు లేదు, షాకప్పు లేదు, దెబ్బ తిన్నగా వెన్నునకే. బండిని 40 మిల్లీమీటరులు దించుటయనగా ఆ చోటులో అంత ముందే ఖర్చుచేయుట. ఈ కారు కడుపు నేలకు సుమారు 165 మిల్లీమీటరుల యెత్తున నుండును. దించినపుడు 125. నలుగురెక్కినచో ఇంకను దిగును. కొలతప్రకారము కట్టిన స్పీడుబ్రేకరే 100. లెక్క మీరే చూచుకొనుడు.

చక్రముల సంగతియు నట్టిదే. పాత టైరు గోడ యెత్తు 111 మిల్లీమీటరులు, క్రొత్తది 92. గాలిమెత్త యంత సన్నగిల్లినది, చక్రము బరువు హెచ్చినది. బరువైన చక్రము ఒకమాఱు ఎగిరినచో దానిని మఱల నేలమీద నిలుపుట షాకప్పునకు కష్టము.

మావారు చెప్పినదానిలో నాకు మిక్కిలి నచ్చినది ఊపుల లెక్క. మామూలు కారు తన స్ప్రింగులమీద సెకండునకు ఒకటినుండి ఒకటిన్నర మాఱు ఊగును. మనము నడచు అడుగులకంటె నెమ్మది. స్ప్రింగు బిఱుసైనకొలది ఆ యూపు వేగమగును. పరుగుబండ్లలో రెండును, పందెపుబండ్లలో అంతకు మీఱియు నుండును. కూర్చున్న మనిషి శరీరము మిక్కిలి నొచ్చునది సెకండునకు నాలుగునుండి ఎనిమిది మాఱులు పైకిక్రిందికి అదరినపుడట. ఇంటిబండి ఆ వైపునకు జరుగరాదు. 1930 తరువాతి యేండ్లలో మారిస్ ఆలీ యను ఇంజనీరు అమెరికాలో ఒక కారునకు ముందువెనుకల బరువులను మార్చి మార్చి, మనుష్యులను కూర్చుండబెట్టి, ఎట్లున్నదని అడిగి తెలిసికొనెను. వెనుక స్ప్రింగుల యూపు ముందువానికంటె కొంచెము వేగముగా నున్న బండి త్వరగా కుదుటపడునని అట్లు తేల్చెను. ఆ ప్రయోగమున యంత్రముకంటె మనిషి నడుమునకే విలువ యెక్కువ. ఆ మాట విన్నపిమ్మట నాకును ధైర్యము వచ్చినది.

అప్పుడు బేరము మొదలైనది. పాతస్ప్రింగులనే ఒక చుట్టు కోసి వేయుదునని షెడ్డువాడు తక్కువ ఖర్చుతో ఒక దారి చెప్పెను. ఆఱుచుట్ల స్ప్రింగులో ఒకటి కోసినచో అది అయిదవవంతు బిఱుసెక్కును. పైగా కోసిన కొన గిన్నెలో కుదురుగా కూర్చొనదు. ప్రాణములతో ఆట. దానిని మాటలోనే త్రోసివేసితిమి.

మా మరిది కన్ను కోయిలోవరులమీద నుండెను. అవి మరలు త్రిప్పి యెత్తు మార్చుకొనుటకు వీలైనవి. పందెముల మైదానమునకు పోవువారికి అవి తగును. మా బురదదారులలో ఆ మరలు త్రుప్పుపట్టక యెన్నాళ్లుండును? యెత్తు మార్చుకొనవచ్చునన్న మాటకు, అతని విషయమున, దించుకొనవచ్చునని యర్థము.

మూడవది, కంపెనీ స్ప్రింగులను మఱల వేసి గట్టి షాకప్పులు పెట్టుట. జర్మనీలోని బిల్‌స్టీనువారి బీ6 ఇట్టిది. యెత్తు మార్చక బిగువును మాత్రము పెంచును. వారిదే బీ8 దించిన బండ్లకొఱకు పొట్టిగా చేసినది. అంకె పెద్దదైనంత మాత్రమున వస్తువు మేలైనదనుకొనరాదు. నాలుగవది, కంపెనీ కొలతకు సరిపడు క్రొత్త షాకప్పులను నాలుగింటిని, వానితో అఱిగిన బుష్షులను, పై మౌంటు రబ్బరులను మార్చుట. బిల్‌స్టీనువారి బీ4 ఈ తరగతిదే. మన దేశమున గాబ్రియేలువారు 1961నుండి షాకప్పులు చేయుచున్నారు. ఇది వినుటకు చప్పని దారి. చూచువారికి బండిలో మార్పేమియు కనబడదు.

“ఘాటుల బండి ఒరుగుతది వదినె, పట్టుండాలె గద” అని మా మరిది వాదము. అది త్రోసివేయదగినది కాదు. కొండగట్టు ఘాటు పేరెత్తినచో మా ప్రాంతమున ఎవరును తేలికగా మాటలాడరు. 2018 సెప్టెంబరు 11వ తేదీన పరిమితికి మించి జనముతో నున్న బస్సు అక్కడ లోయలో పడి అఱువదిమందికి పైగా పోయిరి. బండికి నేలపట్టు ముఖ్యమే. అయితే ఆ పట్టు టైరు నేలను విడువకుండుటవలన వచ్చును. అఱిగిన షాకప్పుతో ఎగురుచున్న టైరునకు మలుపులోను పట్టులేదు, బ్రేకువేసినను పట్టులేదు. మఱియొక విపరీతము కలదు. ఈ కారునకు ముందుచక్రములను కట్టిన పద్ధతి ఎర్ల్ మాక్‌ఫెర్సను అను అమెరికా ఇంజనీరు 1940ల నాటిది. నేటి చిన్నకారులలో తఱచుగా కనబడునది ఇదే. ఇట్టి బండిని అతిగా దించినచో, బండి బరువు దిగినదానికంటె అది ఒరుగుటకు ఆధారమైన బిందువు మఱింత దిగిపోవును. పొట్టిబండి తక్కువ ఒరుగునను నమ్మకము ఇక్కడ చెల్లదు. ఒరుగుట నాపుచున్నది స్ప్రింగు బిఱుసుతనమే, దాని వెల చెల్లించునది మన నడుము. అతని క్రొత్త టైరుల లోయంచులు అప్పటికే నున్ననగుట మొదలైనది. దించినపిమ్మట చక్రముల వాలు మాఱినది, అలైన్మెంటు చేయింపలేదు.

నాకు వాదములతో తృప్తి కలుగలేదు. వెనుకసీటున కూర్చుండి, ఒడిలో పళ్లెము, పళ్లెములో ఇత్తడిచెంబు, అంచునకు రెండువ్రేళ్లు తక్కువగా నీరు పెట్టుకొంటిని. అదే దారి, గంటకు 20 కిలోమీటరుల అదే వేగము, అవే అయిదు స్పీడుబ్రేకరులు. మొదట మా బండి: పళ్లెములో గ్లాసెడు నీరు, నా చీర తడిసినది వేఱు. తరువాత, బీ6 షాకప్పులు వేసికొన్న మా మరిది స్నేహితుని బండి. అదియు పోలోయే. మిట్టమీద ఒక్క గట్టిపోటు, మఱల ఊపులేదు, చెప్పినట్లు నిలిచినది. కాని గతుకురోడ్డుమీద సన్నని అదురు, నీటిమీద అలలు ఆగనేలేదు. పావుగ్లాసు. చివరకు, ఆ యేడే కంపెనీ కొలత షాకప్పులు వేయించిన మావారి సహోపాధ్యాయుని బండి. మిట్ట నెమ్మదిగా నెక్కి, దిగి, ఒకమాఱు తలయూచి కుదుటపడినది. నాలుగు చెంచాల నీరు. మలుపులలో మాత్రము మిగిలిన రెండింటికంటె ఇదే యెక్కువ ఒరిగినది; దానిని దాచను.

అతడొక్కడే తిరుగు బండియైనచో బీ6 పెట్టుకొమ్మనియే చెప్పియుందును. యౌవనము, కష్టార్జితము, ఇష్టమైన బండి. ఆ బిగువులో సుఖమున్నది, దానిని హేళన చేయువారితో నాకు పనిలేదు. మావారును అతనివైపే మొగ్గిరి. ఇద్దఱును నన్ను చూచిరి. నేను చెంబును చూపితిని. మా అత్తగారు మంచముమీదనుండి “మీకేది మంచిగనిపిస్తె అది చేయుండ్రి, నాదేమున్నది” అనెను. ఆ మాట విన్నపిమ్మట మా మరిది ఇంక వాదింపలేదు. మాఘమాసమున కంపెనీ స్ప్రింగులు, క్రొత్త షాకప్పులు నాలుగు, బుష్షులు, పాత 15 అంగుళముల చక్రములు మఱల పడినవి, అలైన్మెంటు చేయించిరి. పెద్దచక్రములను అమ్మగా వచ్చిన సొమ్ము ఖర్చులో కొంతకు సరిపోయినది.

చట్టము మాట యొకటి. రిజిస్ట్రేషను పత్రములో కంపెనీవారు వ్రాయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 నాటి సవరణచే, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాగాని, ఆఱుమాసములవఱకు శిక్షగాని, రెండునుగాని పడవచ్చును. ఏ మార్పు చేసినను బీమాకంపెనీకి ముందు తెలుపవలెను.

మీ యింటి బండి షాకప్పులు బాగున్నవో లేవో మీరే చూచుకొనవచ్చును. బండి నిలిచియున్నపుడు ఒక మూలను బలముగా క్రిందికి నొక్కి విడువుడు. ఒకమాఱు లేచి కుదుటపడిన మేలు; రెండుమూడుమాఱులు ఊగినచో అయిపోయినవి. చక్రముల వెనుకకు వంగి చూడుడు. గొట్టముమీద నూనెతడి, దానికి పట్టిన దుమ్ము కనబడినచో కాఱుచున్నదన్నమాట. టైరును చేతితో నిమిరినపుడు మిట్టపల్లములుగా తగులుట, గతుకులలో ముందునుండి టకటక శబ్దము వచ్చుట కూడ గుర్తులే. మార్చునపుడు ఒక ప్రక్కది మాత్రము మార్పరాదు. ఒక ఇరుసునకు జోడుగా మార్చవలెను.

ఫాల్గుణమున ధర్మపురి నరసింహస్వామి యుత్సవములకు మా అత్తగారు మొదటిసారిగా బండి యెక్కెను. ముందుసీటున, నడుమునకు దిండు. మా మరిది ప్రతి మిట్టవద్దను ఎద్దులబండివలె నడిపెను. ఒక స్పీడుబ్రేకరును దాటిన చాలసేపటికి ఆమె తలుపుపిడిని పట్టుకొనియే “దాటినమా, ఇంక ఉన్నదా?” అని యడిగెను. “దాటినమవ్వా” అని అతడు చెప్పినప్పుడు గొంతు సరిగా లేదు.

ఆ పొట్టిస్ప్రింగులు నాలుగును గోనెసంచిలో మా అటకమీద నున్నవి. ఊరగాయ జాడీలకొఱకు ఎక్కినప్పుడెల్ల నా కాలికి తగులుచున్నవి. అమ్మివేయుమని అతనితో నేనింకను చెప్పలేదు.